పొట్టి ఎడ్ల కొలతన వేసిన పత్తి

శ్రావణ మాసం, మూడో శనివారం, పొద్దున ఏడున్నర. ముసురు వదిలి కాస్త తెరిపి ఇచ్చిన పూట అది. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి, చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. జరిగింది రాస్తాను.

భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊళ్లో ఎడ్లు పొట్టివి. నా నడుముకు కాస్త పైకి వస్తాయి. అడవిలో దొరికింది మేసి సాయంత్రానికి వాటంతట అవే ఇల్లు చేరతాయి. మాకూ అలాంటి జత ఉంది. కొత్తగూడెంలో బొగ్గు బావి ఉద్యోగం చేసే నా కొడుక్కి ఆ జత అంటే నామోషీ. ఆ వారం సెలవు పెట్టి మైదానం నుంచి పెద్ద ఎడ్లను తెచ్చాడు. తెల్లటివి, మూపురం నా తలకు పైన. ఉన్నమాట చెప్పాలి, అంత అందమైన పశువులను నేనెప్పుడూ తాకలేదు. ఊరంతా వచ్చి వాటి పక్కన ఫొటోలు దిగింది. కొట్టం వాకిలి పట్టక వాటిని బయటే కట్టేశాం.

శనివారం పొట్టి జతను తీసుకుపోవడానికి బేరగాడు ట్రాలీ ఆటోతో చేనుకే వచ్చాడు. బేరం నా కొడుకు ముందే మాట్లాడాడు. మా వైపు ఎడ్లను కట్టే పలుపు చేతులు మారితేనే అమ్మకం అయినట్టు. పలుపులు నా చేతిలో ఉన్నాయి. ఇక్కడి నుంచి ఆ ఎడ్లు ఎక్కడికి పోతాయో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

"ఇయ్యక్కా, మళ్ల వాన పట్టుకుంటది," అన్నాడు.

"ఆగు. పత్తిల గడ్డి చూసినవా? ముందుగాల గుంటక తోలనియ్యి. ఈ పెద్దయి ఒక్క సాలు పోయి రానీ, అప్పుడిస్త."

ఆ పూట గుంటక తోలి గడ్డి తీయకపోతే ఆ ఏడు పత్తి మీద ఆశ వదులుకోవాల్సిందే.

నా కొడుకు నవ్వాడు. "ఏందమ్మా, ఈటికి పరీక్షనా? నీ మేకపిల్లల లెక్కననుకున్నవా?"

"ఆ మేకపిల్లలు దున్నిన తిండి తినే ఇంత పొడుగైనవ్. తోలు."

పెద్ద ఎడ్లకు పొడవాటి కాడి కట్టి చేలోకి దించాడు. పత్తి గింజ పెట్టేముందు మేము చేనంతా సాళ్లకు గీతలు గీస్తాం. గీతకూ గీతకూ మధ్య ఎడం ఇంటి ఎడ్ల కాడిని బట్టి ఉంటుంది. ఈ చేను పొట్టి జత కొలతన వేసింది. ఎడ్లను మార్చినవాడికి అది తట్టలేదు. నాకూ తట్టలేదు. పెద్దవి బురదలో అలసిపోతాయనే అనుకున్నాను.

కొంత దూరం పోయేసరికి కుడి ఎద్దు గిట్టలు మొక్కల మీదే పడుతున్నాయి. ఎడమది అవతలి వరుసను తొక్కుతోంది. మోకాలెత్తు పత్తి పటపటా విరిగింది. ఎడ్ల తప్పేం లేదు. బుద్ధిగా నడుస్తున్నాయి, అడుగు పెట్టే చోటే లేదు.

"ఆపుండ్రి, ఉన్న పత్తి గూడ పోతది," అంది గట్టు మీద నుంచి మా కోడలు.

బేరగాడు ఊరుకోలేదు. "అల్లుడా, గుంటక తోలుతున్నవా, కోత కోస్తున్నవా?"

"కాడి కురుచ జేస్త," అన్నాడు నా కొడుకు.

"కురుచ జేస్తే రెండు పొట్టలు రాసుకుంటయ్. ఇగ నడుస్తయా?" అంటూ కోడలు నా దగ్గరికి వచ్చింది. బేరగాడు చాచిన చేతిని దాటి, నా చేతిలోని పలుపులు తీసుకుని పొట్టి జతను చేలోకి నడిపించింది. నా కొడుకు పాత కాడి తెచ్చి కట్టాడు. అవి మొక్క కదలకుండా సాళ్ల మధ్య నడిచాయి.

పెద్ద ఎడ్లంటే నాకిప్పటికీ ఇష్టమే. తల్లాడ వైపు నల్లరేగడిలో అవి కనిపిస్తే ఆగి చూస్తాను. కానీ వాటికి చేను, కొట్టం, మేత అన్నీ వాటి కొలతనే ఉండాలి. పొట్టివాటి కోసం మేము ఏదీ మార్చుకోనక్కర్లేదు. పక్కన నిలబడితే చేయి దానంతట అదే వీపు మీద పడుతుంది.

మబ్బు మళ్లీ కమ్మేలోగా నా కొడుకే చేనంతా తోలాడు. బేరగాడు కూడా గట్టు మీద కూర్చుని చివరి సాలు దాకా చూసి, ఖాళీ ఆటోతోనే పోయాడు.

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, నా కొడుకు, నా కోడలు, ఆ బేరగాడు, కాడి కింద మా పొట్టి జత, గట్టున మేస్తూ పెద్ద జత.