పచ్చ పెసరట్టు బోర్డు

దేశ రాజధానిలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో టిఫిన్ సెంటర్ పెట్టినప్పుడు, బోర్డు చేత్తోనే రాయించాలని పట్టుబట్టాను. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మధ్య అదెవరి కంట పడుతుందని మా ఆయన నవ్వారు. అయినా వెతికి వెతికి ఒక ముసలి పెయింటర్‌ను పట్టుకొచ్చాను. ఆయనకు తెలుగు రాదు. "పెసరట్టు" అని కాగితం మీద పెద్దగా రాసిస్తే, ఒక్కో వంపూ చూసి చెక్క మీదికి దించారు.

"చదవలేనివాళ్లకు బొమ్మ ఉండాలి దీదీ. ఇంతకీ ఇదేంటి?" అని హిందీలో అడిగారు.

వేడివేడిగా ఒకటి వేసి ముందు పెట్టాను. సగం చూసి గీశారు, సగం తిన్నారు.

నెల తిరక్కుండానే తెలుగు రాని కోచింగ్ పిల్లలు కూడా ఆ బొమ్మ చూసి లోపలికి రావడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మార్కెట్ కమిటీ సెక్రటరీ వచ్చాడు.

"ఆంటీజీ, అన్ని షాపులకూ ఒకే సైజు ఫ్లెక్స్ ఉండాలి. ఇది తీసేయండి. ఈ అక్షరాలు ఇక్కడెవరికి అర్థమవుతాయి?"

"అర్థమయ్యేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కానివాళ్లకు బొమ్మ ఉంది. తీయను."

మూడో రోజు పొద్దున్నే జనక్‌పురిలోని మా ఇంటి నుంచి మెట్రోలో వచ్చేసరికి గుమ్మం మీద బోర్డు లేదు. రెండు ముక్కలై కాలువ పక్కన పడి ఉంది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ ముక్కలు పట్టుకెళ్లి సెక్రటరీ షాపు కౌంటర్ మీద పెట్టాను.

"నాకేం తెలుసు?" అంటూ మొహం తిప్పుకున్నాడు.

"తెలియకపోతే పోనివ్వండి. ఈసారి ఇంతకంటే పెద్దది రాయిస్తున్నాను. అది మాత్రం తెలుసుకోండి."

పెయింటర్ ఆ ముక్కలను చాలాసేపు తడిమారు. "చెక్కను విరిచారు. గోడనేం చేస్తారు?" అన్నారు.

మా షాపు గోడ, పైఅంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మది. ఒంటరి పంజాబీ పెద్దావిడ, భయపడుతుందేమోనని జంకుతూనే అడిగాను.

"దీవార్ మేరీ హై, గోడ నాది. రాయించుకో బేటీ, ఎవడొస్తాడో చూస్తా."

చూస్తానని ఊరుకోలేదు. రాసినన్నాళ్లూ గోడ పక్కనే కుర్చీ వేసుకుని ఎండలో కూర్చుంది. సెక్రటరీ వచ్చి నిలబడితే, "క్యా దేఖ్ రహా హై, ఏం చూస్తున్నావ్? బొమ్మ బాగుందా?" అని గట్టిగా అడిగింది. అతను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా అక్షరాలు మనిషెత్తున ఉన్నాయి. వానాకాలానికి రంగు పెచ్చులూడుతుంది. పెయింటర్ చేతులు వణుకుతున్నాయి కాబట్టి అంచులు నేనే దిద్దుతాను. సెక్రటరీ నన్ను పలకరించడు. నేనూ పలకరించను.