పాలు తూర్పుకే పొంగాలె

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు నాది. గది పెద్దది, పని చిన్నది. అందుకే సగం గదిని ఒక కోచింగ్ మాస్టారికి కిరాయికి ఇద్దామనుకున్నాను. ఆయనా మా కోస్తా వైపు వారే.

బిల్డింగు ఓనరు పై అంతస్తులో ఉండే పెద్దమ్మ. ఇదంతా పొలాలుగా ఉన్నప్పటి కుటుంబం వాళ్లది. "ఉండనియ్యి బిడ్డా. గానీ నాకు ఎరుకైంది నువ్వు, ఆయన గాదు. ఏమన్నయితే జిమ్మేదారి నీదే," అంది. సరే, ఒప్పుకున్నట్టు కాగితం మీద రాసివ్వమన్నాను. ఓనరు అనుమతి లేకుండా ఇంకొకరిని పెడితే నా ఇన్సూరెన్స్ చెల్లదు. అగ్రిమెంటు ప్రకారం నన్నే ఖాళీ చేయించొచ్చు కూడా.

"మాట ఇచ్చిన గదా. సంతకం మాత్రం వెట్ట. ఒక్క సంతకంతోనే మా భూములు వొయినయ్."

నాకు ఒళ్లు మండింది. కానీ ఆవిడతో ఎవరు వాదిస్తారు?

మాస్టారు చేరే రోజు పాలు పొంగించమన్నదీ ఆవిడే. "తూర్పుకే పొంగాలె," అని మరీ చెప్పింది. ఆయన చిన్న గ్యాస్ పొయ్యి తెచ్చి తూర్పు గోడ వారగా పెట్టారు. కిటికీ కర్టెన్ వేలాడేదీ అక్కడే. పాలు పొంగాయి. అందరం కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాం. తెరిచేసరికి కర్టెన్ అంటుకుని ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఫాల్స్ సీలింగ్ మాడిపోయింది, ఆర్పడానికి పోసిన నీళ్లకు నా కంప్యూటర్లు పాడయ్యాయి.

ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి, "కర్టెన్ పక్కన పొయ్యేంటండీ?" అన్నాడు.

"తూర్పండీ," అన్నారు మాస్టారు, ఇంకో కారణం కావాలా అన్నట్టు.

తర్వాత నన్ను పక్కకు పిలిచి, "పొయ్యి మీరే వెలిగించారని చెప్పేయండి. నేను అసలు లేననండి," అని బతిమాలారు. నాకు అబద్ధం నోటికి రాలేదు. సగం గది ఆయనదని ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఓనరు పర్మిషన్ ఉందా?" అన్నాడు సర్వేయర్.

"నోటిమాటగా ఇచ్చారు."

అప్పటికే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నాకు నిజంగా భయమేసింది. 'నాకేం తెల్వదు' అని ఒక్క మాటంటే చాలు, నా ఆఫీసు రోడ్డు మీద పడుతుంది.

ఆవిడ మాడిన సీలింగ్ కేసి కాసేపు చూసింది.

"ఆయన్ని ఉండుమన్నది నేనే. పాలు తూర్పుకు పొంగియ్యమన్నది గూడ నేనే," అంది సర్వేయర్‌తో. తర్వాత నా వైపు చెయ్యి చాపింది.

"పెన్నియ్యి బిడ్డా. ఏడ వెట్టాలె సంతకం?"