మనం కాదు, వాళ్ళు

కొట్టు తెరవగానే ఆయన పేపర్లోంచి ఆటల పేజీ లాగి, చదవకుండానే బల్ల మీద పరుస్తాడు. దానిమీద కుట్టుమిషన్ విప్పి షటిల్, బాబిన్ కేసు, మరలు వరసగా పెడతాడు. నూనె పీల్చడానికి ఆ పేజీని మించింది లేదంటాడు.

మెకానిక్కుల సంఘంలో చేరలేదు, ఎవరితోనూ వాటా కలపలేదు. అందుకే వీధంతా ఆయన్ని ఒంటిసూది అంటారు.

"ఒంటిసూదన్నా, నిన్న మనం గెలిచాం" అన్నాడోసారి పక్క సెలూన్ అతను.

"మనమా? నువ్వు గడ్డాలు గీస్తున్నావు, నేను మరలు తిప్పుతున్నాను. గెలిచింది ఆ పదకొండు మంది. సొమ్మొకడిది, సోకొకడిది."

"సూది ఒకటే అయినా కింద దారం లేకపోతే కుట్టు పడదు కదన్నా?"

"అది మిషన్. నేను మనిషిని."

"నీతో వాదించేకన్నా గోడకి నురుగు రాయడం నయం."

ఇంట్లో మాత్రం తల్లీకూతుళ్ళకి ఊరి ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. కూతురు చిన్నప్పుడు ఓ సాయంత్రం పరుగెత్తుకొచ్చి, "నాన్నా, మనం గెలిచాం" అంది.

"బంతి నువ్వు తన్నావా తల్లీ? మనం కాదు, వాళ్ళు అనాలి. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలి."

పిల్ల తలూపి తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది.

"పసిదాని నోట్లోంచి చక్కెర లాక్కున్నట్టు, ఏమిటండీ ఇది?" అంది భార్య. ఆ తర్వాత ఆయనకి ఎవరూ ఫలితం చెప్పలేదు.

భార్య పోయాక కూతురు ఒక్కతే ఆటలు చూసేది. గోడ ఇవతల కూర్చుని ఆయన ఆ కేకలు వినేవాడు. ఇంట్లో మిగిలిన మనిషి గొంతు ఆయనకి వినిపించేది అప్పుడే. ఓ ఆదివారం ఆట అయిపోయినా అవతల చప్పుడు లేదు. జట్టు ఓడిపోయి కింది డివిజన్‌కి పడిపోయిందని వీధిలో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. చేతులు కడుక్కున్నాడు. గోళ్ళలో నూనె నలుపు వదల్లేదు. ఒక మాట నోట్లో రెండుమూడుసార్లు తిప్పుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మనం ఎంతకి ఓడిపోయామమ్మా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. గొంతులో కోపం లేదు.

"మేం రెండు గోల్స్ తేడాతో పోయాం నాన్నా. మీరు భోంచేశారా?"

"ఆఁ, తిన్నాను" అన్నాడు. తినలేదు.

ఆ 'మేం'లో ఆమెతోపాటు ఉన్నదెవరో ఆయనకి తెలుసు. ఆ మాట ఆమె కావాలని అనలేదు. అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పుడు కూతురు ఉద్యోగానికి దగ్గర్లో వేరే గది తీసుకుంది. ఆయన ఆదివారాలు కూడా కొట్టు తెరుస్తున్నాడు.