రక్తం తక్కువై ఆగిన ఆపరేషన్

నెలసరి కాని రోజుల్లో మరకలు కనబడటం మొదలైంది. సారపాకలో మా ఇంట్లోనే మిషన్ కుడతాను. ఆ రోజు పెళ్లివాళ్ల జాకెట్లు కుట్టి లేచేసరికి కుర్చీకి కూడా రక్తం అంటింది. "వేడి చేసుంటది, సబ్జా నీళ్లు తాగు" అంది మా అత్త. తాగాను. తెల్లబట్ట కూడా అవుతుండటంతో, ఆశా వర్కర్ అక్క పిలిస్తే పీహెచ్‌సీకి వెళ్లాను. అక్కడి నుంచి ఖమ్మం పెద్ద దవాఖానాకు పంపారు.

గర్భసంచి మూతి నుంచి దూదిపుల్లతో తీసినట్టు తీసి చేసే పాప్ స్మియర్ పరీక్షలో హెచ్‌ఎస్‌ఐఎల్ అని వచ్చింది. ఆ అక్షరాలు వినగానే నా పని అయిపోయిందనుకున్నాను. "ఇది క్యాన్సర్ కాదమ్మా. గర్భసంచి మూతి దగ్గర కణాలు మారుతున్నయ్. వదిలేస్తే ముందుముందు క్యాన్సర్ కావచ్చు" అన్నారు డాక్టరమ్మ. కాల్పోస్కోపీ అని, భూతద్దం లాంటి యంత్రంతో మూతిని దగ్గరగా చూసి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. అన్నిటికీ తలూపాను గానీ, ఇంటికొచ్చేసరికి గుర్తున్నది క్యాన్సర్ అన్న మాటొక్కటే. అందరికీ అదే చెప్పాను.

మా ఇంట్లో ఆడవాళ్ల ఒంట్లో ఏం తేడా వచ్చినా మందు ఒకటే, సంచి తీసేయడం. అత్తకు తీశారు. తోటికోడలు సుజాతక్కకు పాతికేళ్లు దాటీ దాటకముందే తెల్లబట్ట అని తీశారు. మా ఆయనకు అన్నైన మా బావ ఊళ్లో ఆరెంపీ డాక్టరును అడిగొచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

"ఒక పిల్ల ఉన్నది గద. ఇంక గా సంచితోని పనేంది? తీయిస్తే పీడ పోతది. ప్రైవేటుల మాట్లాడిన."

"బయాప్సీ రానియ్యండి బావా" అన్నాను.

"వచ్చేదాంక కూసుంటే ముదురుతది."

నా భర్త రమేశ్ తల ఎత్తలేదు. తర్వాత లోపలికొచ్చి "నాకేం ఎరుక? అన్న చెప్తున్నడు గద" అన్నాడు. ఇంకొక బిడ్డ కావాలని నాకెంత ఆశో అతనికి తెలుసు. ప్రాణం మీదికొస్తే పిల్లలేందని నవ్వుతారని ఆ మాట నేనూ నలుగురిలో అనలేకపోయాను. నా ఒంటి గురించి వాళ్లు మాట్లాడుకుంటుంటే, ఎవరి గేదె గురించో విన్నట్టు విన్నాను.

ఒకరోజు పరగడుపున బావ మాట్లాడిన ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లి ఆపరేషన్‌కని మంచం ఎక్కించారు. ఎదురు తిరిగానని రాయాలని ఉంది. తిరగలేదు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చింది. "గిట్లుంటే మత్తు ఇయ్యలేం, మందులు వాడి రండి" అని పంపేశారు. సరిగా తిననని బావ దారి పొడవునా తిట్టాడు.

ఐరన్ మాత్రలు మింగుతుండగా బయాప్సీ వచ్చిందని ఖమ్మం నుంచి కబురొచ్చింది. ఈసారి రమేశ్‌తోనే వెళ్లాను. సీఐఎన్ టూ, అంటే క్యాన్సర్ కాదు, దానికి ముందు వచ్చే మార్పు నడిమి మెట్టులో ఉందట. డాక్టరమ్మ కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి, మూతి దగ్గర చిన్న సున్నా చుట్టారు.

"జబ్బు ఇంతవరకే. తలుపుకు చెదలు పడితే ఇల్లు కూలగొడ్తమా? కాల్పోస్కోపీ చేసుకుంట ఆగి చూడొచ్చు, కొందరికి తగ్గిపోతది. లేదంటే లీప్ అని, కరెంటు తీగతోని ఈ కాస్త తీసేయొచ్చు. అప్పుడు నెలలు నిండకముందే కాన్పయ్యే ఇబ్బంది కొందరికి కొంచెం పెరుగుతది. నీకు ఇంకా పిల్లలు కావాల్నా?"

అప్పటిదాకా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఏడుపొచ్చింది. రమేశ్ వైపు చూడకుండానే "కావాలె" అన్నాను.

ఆగి చూడాలనే నాకుంది. కానీ ఆగితే ఇంట్లోవాళ్లు ఊరుకోరు, మళ్లీ ఆ మంచమే ఎక్కిస్తారు. వాళ్లకు ఏదో ఒకటి తీసేశారన్న మాట వినబడాలి. అందుకే లీప్ అన్నాను. జబ్బు కంటే ఇంటికి భయపడి చేసుకున్న నిర్ణయం అది. తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలియదు.

లీప్ ఆ చోటుకు మాత్రమే మత్తు సూది వేసి చేశారు. కొన్నాళ్లు నీరూ రక్తం కలిసి పోయింది. తర్వాతి పరీక్ష బాగానే వచ్చింది గానీ, ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలన్నారు. ఖమ్మం బస్సెక్కిన ప్రతిసారీ డాక్టరమ్మ బొమ్మ గీసిన కాగితం పర్సులో ఉందో లేదో చూసుకుంటాను. కడుపు ఇంకా రాలేదు.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. గర్భసంచి మూతి పరీక్షలో తేడా ఉందని ఎవరు ఆపరేషన్ అన్నా, బయాప్సీ వచ్చేదాకా ఒప్పుకోకండి. డాక్టర్ ముందు మీరే కూర్చుని, ఇప్పుడు నాకు క్యాన్సర్ ఉందా, సంచి తీయకుండా దారి లేదా, ఆగితే ఏమవుతుంది అని అడగండి.

మొన్న సుజాతక్క జాకెట్ కొలతిచ్చి నా మిషన్ పక్కన కూర్చుంది. ఇంత చిన్న వయసులోనే నడుం పట్టుకుని లేస్తుంది. డాక్టరమ్మ గీసిన బొమ్మ చూపించమంది. మూతి దగ్గరి సున్నా మీద వేలు పెట్టింది.

"నాకు గూడ గింతనే ఉండెనేమోనే?"

సంచి తీసేముందు ఆమెకు ఏ పరీక్షా చేయలేదు.

"తెలవదక్కా" అన్నాను.