గుట్ట మీద ల్యాప్‌టాప్

మా ఇంట్లో నల్ల బ్యాగులు నాలుగున్నాయి. నాలుగూ కంపెనీలు ఇచ్చినవే, నాలుగూ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే మిగతా సామాన్లు కొనుక్కోవాలి గానీ, బ్యాగులు వాటంతటవే ఇల్లు చేరతాయి.

ఆ శనివారం నేనూ, మూడో తరగతి చదివే మా అమ్మాయీ గుట్ట ఎక్కడానికి బయలుదేరాం. హఫీజ్‌పేట్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి కారులో పెద్ద దూరమేమీ కాదు. బండరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే చిన్న గుట్ట. మా అమ్మాయి మాత్రం క్లాసులో దాన్ని పర్వతంగా ప్రకటించింది. అంతకుముందు రెండుసార్లు వెళ్ళి, నాకు ఆఫీసు నుంచి ఫోన్ వస్తే రెండుసార్లూ సగంలోంచే తిరిగొచ్చాం. "ఎక్కావా?" అని అడిగే స్నేహితురాళ్ళకు చెప్పడానికి దాని దగ్గర సాకులు అయిపోయాయి. అందుకే ఈసారి కారెక్కే ముందే నా దగ్గర మాట తీసుకుంది, పైదాకా వెళ్ళకుండా దిగేది లేదని. ఆ వారం సెలవురోజు డ్యూటీ నాది కాదు, మా ఆయనది. ఆయన తెల్లవారగానే కొత్తగూడ దగ్గరున్న ఆఫీసుకు వెళ్ళిపోయారు కనుక నేనూ ధైర్యంగా మాటిచ్చాను.

సగం ఎక్కాక ఒక బండ నీడన కూర్చున్నాం. మా అమ్మాయి మెడలో వేలాడే సీసాలోంచి చెరో గుక్క నీళ్ళు తాగాం. పులిహోర తీద్దామని బ్యాగు జిప్పు లాగాను. లోపల ల్యాప్‌టాప్ ఉంది.

మా అమ్మాయి దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"మళ్ళీ ఆఫీసేనా?"

"ఇది నాది కాదే, నాన్నది."

"అయితే నాన్న దగ్గర ఏముంది?"

జవాబుగా ఫోన్ మోగింది. ఆయన గొంతు చాలా మర్యాదగా ఉంది. చుట్టూ జనం ఉన్నారన్నమాట.

"మీటింగ్‌లో బ్యాగు తెరిచాను. పులిహోర డబ్బా, పిల్ల టోపీ ఉన్నాయి. అందరూ చూశారు."

"పులిహోరలో ఉప్పు సరిపోయిందా?"

"ముందు నువ్వు దిగి రా. నేను అప్రూవ్ చేస్తే గానీ ఇక్కడ పని కదలదు. ఆ ల్యాప్‌టాప్‌లోంచే చెయ్యాలి."

మా అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత తేలిగ్గా ఉండేది. లేచి, బట్టలు దులుపుకుని, దిగే దారివైపు తిరిగి నిలబడింది. అనుభవం ఉన్న మనిషిలా.

"దిగి వచ్చేసరికి ఆలస్యమవుతుందండీ," అన్నాను ఫోన్లో. "మీరు చెప్తే ఇక్కడే నొక్కేస్తాం. కాకపోతే ఇక్కడ నెట్‌కి సిగ్నల్ చాలడం లేదు. పైన బాగుంటుందట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

ఆ అందరిలో అప్పటికి మేమిద్దరం, ఒక మేక ఉన్నాం.

"మరి ఇంకా కూర్చున్నారేంటి? తొందరగా పైకెక్కండి," అన్నారాయన.

"అమ్మా, సిగ్నల్ ఫుల్లుగా ఉంది కదా," అంది మా అమ్మాయి.

"మాట్లాడకుండా ఎక్కు."

ఎక్కింది. నేను వెనకపడ్డాను. దిగుతున్న ఒక పెద్దాయన దాన్ని ఆపాడు.

"ఏంది బిడ్డా, గిట్ల ఉరుకుతున్నవ్?"

"మా అమ్మ పైన ఆఫీసు పని చెయ్యాలి తాతా."

ఆయన నా వీపు మీది బ్యాగును దిగులుగా చూశాడు. "ఇగ గీ గుట్టను గూడ ఇడిసిపెట్టరా మీరు?" అని దిగిపోయాడు.

పైకి చేరాక ల్యాప్‌టాప్ తెరిచి, ఫోన్‌తో నెట్ కలిపి, ఆయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. పాస్‌వర్డ్ చెప్పడానికి ఆయన కాసేపు తటపటాయించారు. చివరికి ఒక్కో అక్షరమే చెబుతుంటే మా అమ్మాయి కొట్టింది. అదొక సినిమా హీరోయిన్ పేరు.

"నా పేరేమో అనుకున్నా," అంది.

నేనైతే నా పేరనుకున్నాను.

"పచ్చ బటన్ కనిపిస్తోందా తల్లీ? నొక్కు," అన్నారాయన.

అది వేలు పెట్టింది గానీ నొక్కలేదు.

"నొక్కాక మమ్మల్ని దిగి రమ్మంటావా నాన్నా?"

"అది... సాయంత్రం ఇంకో..."

"రమ్మంటావా?"

అవతల ఎవరో, "ఒప్పేసుకోండి సార్," అన్నారు. నోట్లో మా పులిహోర ఉన్న గొంతులా ఉంది.

"రమ్మనను," అన్నారాయన.

"ఎంతసేపు కూర్చున్నా?"

"ఎంతసేపు కూర్చున్నా."

అప్పుడు నొక్కింది. తర్వాత అన్నిటికంటే ఎత్తుగా ఉన్న బండ వెతుక్కుని, దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. దూరంగా అద్దాల మేడలు మెరుస్తున్నాయి. ఎండ ముదిరింది, నాకు ఆకలి దంచేస్తోంది. ఇక దిగుదామా అని అడిగాను. కాసేపాగి మళ్ళీ అడిగాను.

"భయపడకమ్మా," అంది నా భుజం తడుతూ. "నాన్న ఏమీ అనడు."