డాబా మీద కొండముచ్చు కూత

రెండేళ్ల కిందట డాబా మీద ఆరేసిన మిరపకాయలు తీయబోయిన నా భార్య మీదికి ఒక కోతి దూకి చెయ్యి గీరింది. సూదిమందు వేయించాం, గాయం మానింది, కానీ ఆమె మళ్లీ మెట్లెక్కలేదు. రోజూ పొద్దున చాయ్ గ్లాసుతో పైన తిరిగే మనిషి వంటింటి కిటికీ దగ్గర నిలబడి తాగడం మొదలుపెట్టింది. 

సిద్దిపేటలో నాది పైపుల దుకాణం. బెజ్జంకి నుంచి వచ్చే ఒక రైతు, కొండముచ్చంటే కోతులకు హడలని, తన మక్కచేను మీదికి అవి రాకుండా కొండముచ్చులా అరుస్తానని చెప్పి అక్కడే అరిచి చూపించాడు. దుకాణం ముందు పడుకున్న కుక్క లేచి సందులోకి పరుగెత్తింది. నేను వెంటనే అతనికి శిష్యుణ్ణయ్యాను.

"గొంతుల నుంచి గాదు సేటూ, కడుపుల నుంచి రావాలె" అన్నాడు.

కడుపైతే నాకు కావలసినంత ఉంది. కూతే రాలేదు. రోజూ పొద్దున డాబా ఎక్కి "హూప్, హూప్" అని అరిచి, చివర తప్పకుండా దగ్గేవాణ్ణి. కోతులు నీళ్ల ట్యాంకు మీద కూర్చుని చూసేవి. ఒకటి ఆవులించింది కూడా. పక్కింటి డిష్ మీద వాలే గోరింక మాత్రం మెడ వంచి శ్రద్ధగా వినేది. కిందికి దిగి "ఒక్క కోతి లేదు, అన్నీ ఉరికినయ్" అని కోతలు కోసేవాణ్ణి. ఆమె నమ్మినట్టే తలూపేది.

నెల తిరిగాక ఒక పొద్దున నేను కింద గడ్డం గీసుకుంటుంటే పైనుంచి నా కూత వినిపించింది. చివర దగ్గుతో సహా. నా భార్య వంటింట్లోంచి వచ్చి, నురగ మొహంతో ఉన్న నన్ను చూసి నోరు తెరిచింది.

"మీరు గీడుంటే గాడ అరిచేదెవరు?"

గోరింక. కోతి కూతను పట్టించుకోదు, కూసేవాడెవడో చూసి భయపడాలో వద్దో తేల్చుకుంటుంది. గోరింకకు ఎవడు కూసినా ఒకటే, కూత నేర్చుకుంటుంది. పాపం, దానికి నాకన్నా మంచి గురువు దొరకలేదు. ఇక నాకు కోతిలా మనుషుల్ని చదవడమూ రాదు, గోరింకలా కూత నేర్వడమూ రాదు.

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో, నాకు సంతోషంతో పాటు సిగ్గు కూడా వేసింది. చేతులు తుడుచుకుని "నడువున్రి, చూద్దాం" అంది. మొదటి మెట్టు మీదే ఆగి నా మోచెయ్యి పట్టుకుంది.

"కోతులుంటే?"

"నేను లేనా" అన్నాను.

"మీరు అరవకున్రి. కట్టె పట్టుకోన్రి."

కట్టె పట్టుకుని ముందు నడిచాను. పైకి వచ్చాక ఆమె నా చెయ్యి వదిలేసి, గోరింకను చూడటానికి పిట్టగోడ దాకా ఒక్కతే నడిచింది.