పార్టీ వచ్చిందంటే

ఈ ఎండాకాలంలో మా గది కిటికీ తెరిస్తే చాలు, మిర్చి లారీలు పోయే రోడ్డు మీంచి ఘాటు లోపలికి వచ్చి గొంతులో కూర్చుంటుంది. గుంటూరులో ఉద్యోగానికి చేరిన కొత్తలో, అలా దగ్గుతూనే ఉన్న ఒక పొద్దున, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి పార్టీ ఎప్పుడిస్తావని అడిగింది. తను అడిగింది బిర్యానీ గురించేనని నాకు తెలుసు. అయినా ఆ మాట చెవిన పడగానే నా చూపు తన చేతుల మీదకు పోయింది. ఆ అలవాటు నాకు మా నాయనమ్మ నుంచి వచ్చింది.

మాది అద్దంకి వైపు పల్లెటూరు. ఇంగ్లీషు రాని మా ఇంట్లో ఆ ఒక్క ఇంగ్లీషు మాట చేయని పని లేదు. మిరపకాయ కొనడానికి కారులో దిగేవాళ్ళు పార్టీ. బర్రెను బేరమాడటానికి సైకిలు మీద ఒంటరిగా వచ్చినవాడూ పార్టీయే. పొలం గట్టు తగాదాలో తాతయ్య వాయిదాకు వెళితే ప్లీడరు గుమస్తా ఆయన్ని కూడా పార్టీ అనే పిలిచేవాడు. ఊరిని రెండుగా చీల్చి, ఒక వీధివాళ్ళు ఇంకో వీధి కొట్లో టీ తాగకుండా చేసిందీ పార్టీయే. బాబాయి పరీక్ష గట్టెక్కినప్పుడు స్నేహితులకు పెట్టిన పకోడీలు, కూల్‌డ్రింకులు మాత్రం అన్నిటికంటే మంచి పార్టీ అని నా నమ్మకం. నాయనమ్మకు ఈ తేడాలేవీ లేవు. పార్టీ అన్న మాట ఏ వైపు నుంచి వినపడినా వరండాలో ఉన్న ఇత్తడి చెంబు ముందు లోపల పెట్టి, ఆ తర్వాతే ఎవరొచ్చారని అడిగేది.

మాఘమాసం దాటాక, మిరపకాయ ఆరబోసే మా కళ్లం నేలంతా ఎర్రగా మారిపోయేది. పొద్దున పరిచిన కాయ మధ్యాహ్నానికి గలగలలాడేది. పిల్లలం ఒక్కో కాయ చెవి దగ్గర ఊపి, లోపల గింజ మోగితే ఎండినట్టు, మోగకపోతే పచ్చి అని పందాలు వేసుకునేవాళ్ళం. ఇంట్లో పండుమిరపకాయ పచ్చడి రోట్లో నూరిన రోజు, వేడన్నంలో నెయ్యి వేసుకుని దాన్ని కలిపిన చెయ్యి సాయంత్రం దాకా మండుతూనే ఉండేది. కొనే పార్టీ వస్తే పైకాయ ముట్టకుండా కుప్పలోకి మోచెయ్యి దాకా దూర్చి అడుగు కాయ లాగి, విరిచి, ఎండకు పట్టి చూసేవాళ్ళు. వాళ్ళకు మా మీద అనుమానం. వాళ్ళ చొక్కా చేతుల మీద మా నాయనమ్మకు అనుమానం.

తెల్లబారిన తాలు కాయ ఏరడానికి సుగుణ వచ్చేది, వెంట కూతురు కరుణను తీసుకుని. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. కరుణ నా ఈడుది. నలుగురిలో నోరు పెగలని నాకు ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. నా మాటలు కూడా తనే మాట్లాడేది. క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి అరిసెలు వస్తే, ఏ నూనెలో వండారోనని నాయనమ్మ వాటిని బర్రెకు పెట్టబోయేది. నేను రెండు దాచుకుని దొడ్లో తినేదాన్ని.

సాయంత్రం కాయను కుప్పచేసి పట్టా కప్పాక, నాయనమ్మ చాటలో పొయ్యి బూడిద తెచ్చి కుప్ప చుట్టూ వెడల్పుగా చల్లేది. ఎవరు దాటినా పొద్దునకు అడుగు పడి ఉంటుందని లెక్క. పక్కనే మంచం వేసుకుని పడుకునే తాతయ్య కాపలా మీద ఆమెకు ఆ బూడిద మీద ఉన్నంత నమ్మకం లేదు. పొద్దున్నే ఆ బూడిదను చూసి రావడం నా పని. ఎప్పుడూ పిల్లి అడుగులో, కాకి గీతలో తప్ప ఏమీ ఉండేవి కావు.

ఒక పొద్దున మనిషి అడుగు కనబడింది. మంచుకు తడిసిన బూడిదలో, చిన్న పాదం, చెక్కినట్టు. నాయనమ్మ వచ్చి చూసి, కుప్ప అటువైపు కుంగిందని తేల్చేసింది. అప్పుడే క్యారేజీ చేత్తో పట్టుకుని సుగుణ, వెనకే కరుణ కళ్లంలోకి వస్తున్నారు.

"ఆడమనిషి అడుగేనే ఇది. కళ్లం ఆనుపానులు తెలిసింది నీకు గాక ఇంకెవరికే?" అంది నాయనమ్మ.

నాకు కాయ సంగతి గుర్తే లేదు. కరుణ ఇక రాదేమోనన్నదొక్కటే నా భయం. సుగుణ క్యారేజీ కింద పెట్టి వచ్చి, ఆ అడుగు పక్కనే బూడిదలో తన పాదం మోపి తీసింది. రెండూ ఒకే కొలత. కానీ మొదటి దానిలో బొటనవేలి పక్క వేలి దగ్గర ఉంగరంలాంటి గాడి ఉంది.

"నా కాలికి మెట్టెలు ఎప్పుడన్నా చూశారా అమ్మగారూ?"

నాయనమ్మ వంగి ఆ గాడి చూసి, అయితే ఇది ఆ పార్టీవాళ్ళ ఆడవాళ్ళ పనేనంటూ అవతలి వీధివైపు చెయ్యి చూపించింది. మంచం మీద నుంచి తాతయ్య గొంతు వినబడింది.

"గాలికి పట్టా లేస్తే కోడికూత ముందు లేచొచ్చి సర్దిందెవరే? ఇంక నీ పార్టీలో మిగిలింది నువ్వొక్కదానివే."

బాబాయి నవ్వాడు. కాయ పరుస్తున్న కూలీలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాయనమ్మ చీర కుచ్చిళ్ళు కిందికి లాగి కాళ్ళు కప్పుకుంది. సుగుణ మాత్రం నవ్వలేదు. క్యారేజీ తీసుకుని, నా పక్కన నిలబడ్డ కరుణ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి అవతలి వీధివాళ్ళ కళ్లంలో తాలు ఏరింది. ఓటు ఎవరికి వేస్తుందో ఎవరూ అడగకుండానే ఊరు ఆమెను ఆ పార్టీ మనిషిని చేసింది. కరుణతో నేను మాట్లాడితే వీధంతా చూసేది. ఎవరైనా చూస్తే నాకు అసలే మాట రాదు.

ఇప్పుడు కళ్లానికి కెమెరా పెట్టారు. బాబాయి ఇంట్లో కూర్చుని ఫోనులో కుప్పను చూసుకుంటాడు. నాయనమ్మ లేదు, గ్యాసు పొయ్యి వచ్చాక బూడిదా లేదు. కొత్తగా ఎవరు కలిసినా నా కళ్ళు వాళ్ళ చేతుల మీదకో పాదాల మీదకో పోవడం మాత్రం మిగిలింది.

పోయిన వారం కరుణ ఫోను చేసింది. చిలకలూరిపేట మిల్లులో పనిచేస్తోందట, నా నంబరు బాబాయి ఇచ్చాడట. ఉద్యోగం వచ్చిందటగా, పార్టీ ఏదీ అంది. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు చేసింది, ఏం కావాలి అని నాలో నాయనమ్మ లేచి కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే, ఎప్పట్లాగే నా మాట కూడా తనే మాట్లాడేసింది: ఆదివారం వస్తాం, అమ్మ కూడా వస్తానంటోంది.

ఆదివారం పొద్దున్నే గడప ముందు కడిగాను. ముగ్గు గిన్నె చేతిలోకి తీసుకున్నాను గానీ, ఆ పిండి నాయనమ్మ చాటలో బూడిదలా కనబడితే మళ్ళీ లోపల పెట్టేశాను.